గుమ్మంలో అరిసెల డబ్బా

పక్కింటి పిన్నిగారు స్టీలు డబ్బా నిండా అరిసెలు పంపించారు. తెచ్చిన పిల్ల 'అమ్మ పండక్కి ఇచ్చి రమ్మంది' అని గుమ్మంలో నిలబడింది. మావయ్య చేయి చాచాడు. మా అక్క చాచలేదు. భోగి ముందు రోజు సాయంత్రం అలా మొదలైన తగువు రాత్రి పదకొండు దాటాక గానీ ఆగలేదు. తెగిందా అంటే చెప్పలేను.

ఇద్దరి సంగతీ రెండు ముక్కల్లో చెబుతాను. మావయ్య తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. లూథరన్. గుంటూరుకు 1842లో మిషనరీ హయ్యర్ దొర వచ్చి వేసిన పాదు నుంచి పాకిన సంఘాల్లో ఆయనదొకటి. అక్కది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయ్యాక ఒక స్వతంత్ర సంఘంలో చేరింది. అక్కడ జనవరి రెండో ఆదివారం ప్రసంగం ఏటా ఒకటే: సంక్రాంతి అన్యుల పండగ, విశ్వాసులు దాని జోలికి పోరాదు. వాళ్లు మాట్లాడుకున్నది గుర్తున్నంత వరకు రాస్తున్నాను. నన్ను మధ్యవర్తి అనుకోవద్దు. అరిసెలంటే నాకు ప్రాణం, ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది.

అక్క: మీరు తీసుకుంటే తీసుకోండి మావయ్యా. నా పిల్లలకు మాత్రం పెట్టొద్దు.

మావయ్య: ఎందుకమ్మా? బియ్యప్పిండి, బెల్లం పాకం, నువ్వులు, నూనె. విగ్రహం ఎక్కడ దాక్కుంది ఇందులో?

అక్క: దేవుడి పటం ముందు పెట్టకుండా ఆ ఇంట్లో పండగ పిండివంట ఎవరికీ పంచరు. మీకు తెలీదా?

మావయ్య: తెలీదు. అడగలేదు. అడగొద్దనే పౌలు చెప్పాడు. కొరింథులో గుడి బలుల మాంసం బజారుకొచ్చేది. కటికవాడి అంగట్లో కొనేటప్పుడు అది ఎక్కడిదని ఆరా తీయక్కర్లేదన్నాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, పోవాలనిపిస్తే పోయి పెట్టింది తినమన్నాడు. మొదటి కొరింథీయులకు, పదో అధ్యాయం.

అక్క: ఆ వెంటనే ఉన్న మాట మింగేశారు. ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దన్నాడు. చెప్పినవాడి మనస్సాక్షి కోసం.

మావయ్య: మరి ఆ పిల్ల ఏమంది? 'పండక్కి' అంది. 'ప్రసాదం' అనలేదు.

(ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పిన నోరు. విభక్తి దగ్గర కూడా పట్టు విడవదు.)

అక్క: ఇది మాటల గారడీ. అదే పౌలు ఎనిమిదో అధ్యాయంలో బలహీనుల సంగతి రాశాడు. మా సంఘంలో ఒకావిడ మూడేళ్ల కిందటే అన్నీ వదిలేసి వచ్చింది. పండగ వస్తే చాలు, అత్తింటివాళ్లు ఇప్పటికీ ఏడిపిస్తారు. నేను భోగిమంట దగ్గర నిలబడి ఫొటో దిగి పెడితే ఆవిడకేం చెప్పను? 'నాకు జ్ఞానం ఉంది, నాకేం కాదు' అనా? కొరింథులో తెలివైనవాళ్లు అన్నదీ అదే.

మావయ్య వెంటనే జవాబు చెప్పలేదు. డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. తెచ్చిన పిల్ల ఎప్పుడో పరిగెత్తిపోయింది.

మావయ్య: ఆవిడ ముందు వద్దు, ఒప్పుకున్నాను. నీ సంగతి చెప్పు. మొన్న డిసెంబరు 24 రాత్రి ఇదే వాకిట్లో పెద్ద నక్షత్రం ముగ్గు వేశావు. కింద 'హ్యాపీ క్రిస్మస్' అని రంగులతో రాశావు. ముగ్గు ఎవరిదమ్మా? మీ పాస్టరుగారు యెరూషలేము నుంచి తెచ్చారా?

అక్క: ముగ్గుతో నాకు పేచీ లేదు. మధ్యలో పెట్టే గొబ్బెమ్మతోనే. గౌరి అని పసుపు కుంకుమ పెడతారు, చుట్టూ తిరిగి పాడతారు. అది ఉత్త పేడముద్ద కాదు, పూజ.

మావయ్య: గొబ్బెమ్మ నేనూ పెట్టమనను. మా అమ్మ నెలపట్టిన దగ్గర్నుంచి రోజూ ముగ్గు వేసేది. గొబ్బెమ్మ ఉండాల్సిన చోటు మాత్రం అలాగే వదిలేసేది. చూసినవాళ్లకు అర్థమయ్యేది. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఈ సంగతి నాకు కొత్త. చిన్నప్పుడు అమ్మమ్మ ముగ్గు తొక్కినందుకు వీపు మీద దెబ్బలు తిన్నాను గానీ, దాని మధ్యలో ఖాళీ ఉందని ఎన్నడూ చూడలేదు.

అక్క: ముగ్గు పక్కన పెట్టండి. అసలు ఆ రోజు దేనిది? సూర్యుడు మకరంలోకి పోయే రోజు. సూర్యుడికి పొంగలి, పితృదేవతలకు తర్పణం. ఆకాశంలో గుర్తులు చూసి అన్యుల్లా వణకొద్దని యిర్మీయా ప్రవక్త చెప్పలేదా?

మావయ్య: డిసెంబరు 25 మాత్రం దేనిది? రోమన్ల లెక్కలో అది పొద్దు ఉత్తరానికి మళ్లే రోజు. యేసు ఆ రోజు పుట్టాడని నాలుగు సువార్తల్లో ఎక్కడుందో చూపించు. ఆ తేదీకి క్రీస్తు జననం రాసిన రోమా పట్టిక క్రీస్తు శకం 354 నాటిది. మన మకర సంక్రాంతీ ఒకప్పుడు ఆ మళ్లింపు రోజునే వచ్చేది, సుమారు 1,700 ఏళ్ల కిందట. భూమి ఇరుసు మెల్లమెల్లగా దిశ మార్చుకోవడం వల్ల ఇప్పుడు మూడు వారాలు తేడా వచ్చింది. రెండు పండగలూ ఆ పొద్దును చూసి లెక్కగట్టినవేనమ్మా.

అక్క: అందుకే మా సంఘంలో కొందరు క్రిస్మస్ కూడా చేయరు.

మావయ్య: అమెరికాలో మసాచుసెట్స్ ప్యూరిటన్లదీ ఆ వరసే. 1659లో చట్టం చేశారు, క్రిస్మస్ చేస్తే ఐదు షిల్లింగుల జుల్మానా. 1681లో ఎత్తేశారు. ఇప్పుడు ఆ దేశం డిసెంబరులో ఎలా ఉంటుందో నువ్వు నాకంటే బాగా చూశావు. నేను అడిగేది ఒకటే. యేసు తానే ధర్మశాస్త్రంలో లేని పండగ నాడు యెరూషలేములో ఉన్నాడు. యోహాను సువార్త పదో అధ్యాయంలో ఉంది, ఆలయ ప్రతిష్ఠ పండగ. మోషే దాన్ని ఎక్కడా విధించలేదు. మక్కబీయుల కాలంలో జనం పెట్టుకున్నది.

అక్క: ఆ పండగ ఎందుకు పెట్టుకున్నారో కూడా చెప్పండి. గ్రీకు రాజు దేవాలయంలో జూస్‌కి బలిపీఠం పెట్టిస్తే, దాన్ని పెరికేసి ఆలయాన్ని శుద్ధి చేసుకున్నందుకు! విగ్రహాన్ని బయట పారేసిన పండగ మావయ్యా అది. దాన్ని తెచ్చి గొబ్బెమ్మకు వత్తాసు ఇస్తున్నారు.

మావయ్య నవ్వేశాడు. ఈ పట్టు అక్కదే, నేనూ లోపల ఒక మార్కు వేసుకున్నాను. మావయ్య ఊరుకుంటాడా? విజయవాడ గుణదల కొండ సంగతి ఎత్తాడు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మరియమాత తిరునాళ్లకు కొండెక్కే వాళ్లలో హిందువులు ఎందరో చూశావా, తలనీలాలిచ్చి కొబ్బరికాయలు కొడతారు, మన పండక్కి వాళ్లు వస్తున్నారు కదా అన్నాడు. 'నా భయం అదే, కొన్నాళ్లకు ఏది గుడో ఏది చర్చో తెలీకుండా పోతుంది' అంది అక్క. అది అక్కడితో పోయింది.

అక్క: ఊళ్లో ఉన్నారు కాబట్టి మీకు ఇదంతా అరిసెలూ ముగ్గులూలా కనిపిస్తోంది. నేను మొదట చేసిన ఆఫీసులో దీపావళికి అందరం పట్టుచీరలు కట్టుకుని రావాలన్నారు. కట్టుకుని పోయాను. తీరా పోతే హాల్లో లక్ష్మీపూజ. దీపం వెలిగించమని నన్నే పిలిచారు. వద్దన్నాను. 'ఇది మతం కాదు, కల్చర్, ఎందుకంత పట్టింపు' అన్నారు. రెండు నెలలు తిరిగాక క్రిస్మస్ వచ్చింది. కేకు కోశారు, ఎర్ర టోపీలు పెట్టుకున్నారు. ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందామా అని అడిగాను. 'ఆఫీసులో మతం తేవొద్దు' అన్నారు. వాళ్లది చేస్తే కల్చర్, మనది చేస్తే మతం. ఈ తేడా ఎవరు గీస్తారో గమనించారా?

మావయ్య: గమనించాను. ఆ దీపం వద్దనడం తప్పని నేను అనను. కానీ ఆచారం వేరు, ఆరాధన వేరు అనే గీత నిన్న మొన్నటిది కాదు. మదురైకి 1606లో వచ్చిన జెసూట్ పాదిరీ రాబర్ట్ డి నోబిలీ అదే వాదించాడు. పిలక, జంధ్యం, గంధం లోకాచారాలు, మారినవాళ్లు వాటిని వదులుకోనక్కర్లేదు అన్నాడు. గొడవ రోము దాకా పోయింది. 1623లో పోపు పదిహేనో గ్రెగరీ ఆయన పక్షానే తీర్పు చెప్పాడు.

అక్క: పిలక, జంధ్యం! ఎవరికున్నాయి మావయ్యా జంధ్యాలు? మనకా? లోకాచారం పేరుతో కులం చర్చిలోకి నడిచొచ్చింది అక్కడే. 1704లో పోపు ప్రతినిధి టూర్నాన్ పాండిచ్చేరిలో ఆ ఆచారాల మీద నిషేధం వేసినప్పుడు అందులో ఒక ఆజ్ఞ ఏమిటో తెలుసా? పరయర్ల ఇళ్లలో జబ్బుపడ్డవాళ్ల దగ్గరికి పాదిరీలు వెళ్లి సంస్కారాలు ఇవ్వాలని. ఆజ్ఞ వేయాల్సి వచ్చిందంటే అప్పటిదాకా గడప తొక్కలేదన్న మాటేగా! అది కూడా కల్చరే.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కరెంటు పోయింది ఈ మధ్యలోనే. చీకట్లో అక్క గొంతు ఇంకాస్త తగ్గింది.

అక్క: అమ్మమ్మ వాళ్లది ఒంగోలు వైపు. వాళ్ల తాతలు ఎందుకు బాప్టిస్టులయ్యారో మీరే చెప్పేవాళ్లు మా చిన్నప్పుడు. ఇప్పుడెందుకు చెప్పరు?

మావయ్య: చెబుతాను, చెప్పకేం. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక పల్లెలకు పల్లెలు కదిలాయి. మిషనరీ క్లౌ దొర వాళ్లకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్న నియమాలే. మూడోది మాత్రం ఊరికీ పల్లెకూ మధ్య ఉన్న కట్టు తెంపింది. జాతర వస్తే డప్పు ఎవరు కొట్టాలి? మాదిగలే. అది మొక్కూ కాదు, సరదా కాదు, వెట్టి. రానంటే కుదరదు. మనవాళ్లు రామన్నారు.

అక్క: ఊరు ఏం చేసింది?

మావయ్య: ఏం చేస్తుంది? పని ఆపేసింది. కళ్లంలో ఇవ్వాల్సిన మేర ఆపేసింది. సతాయించింది. అయినా ఆగలేదు. కరువు గట్టెక్కాక, 1878 జూలై 3న, ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మలో మునిగి లేచారు.

అక్క: మరి నన్నెందుకు అడుగుతున్నారు? పండగకు రాను అనడం మన ఇంట్లో విదేశీ పాస్టర్లు నేర్పిన చాదస్తం కాదు. డప్పు కింద పెట్టిన ముత్తాత నేర్పాడు. తల ఎత్తుకోవడం అక్కడే మొదలైంది. ఇప్పుడు మా పాస్టరుగారు పోవద్దంటే మీకు ఇరుకు మనసులా కనిపిస్తోంది. ఆ రోజు పేరయ్య కూడా ఊరికి అలాగే కనిపించి ఉంటాడు.

తగువులో ఇంతకంటే గట్టి మాట ఇంకొకటి రాలేదని నా అభిప్రాయం. సంస్కృతిలో కలవండి, పండగలు అందరివీ అని సులువుగా సలహా ఇచ్చేవాళ్లు ఈ డప్పు సంగతి ఒకసారి తలుచుకోవాలి. ఆ పండగలో వీళ్ల చోటు ఏదో ముందే రాసిపెట్టి ఉండేది. దాన్ని కాదన్నందుకే వీళ్లు క్రైస్తవులయ్యారు, లేదా క్రైస్తవులయ్యాక కాదనగలిగారు. ఏది ముందో విడదీయడం కష్టం.

కరెంటు వచ్చింది.

మావయ్య: నీ మాట నిజం. సగం నిజం. మనవాళ్లు వదిలింది డప్పును, బియ్యప్పిండిని కాదు. కవి జాషువానే తీసుకో. పుట్టుకతో క్రైస్తవుడు. 1941లో 'గబ్బిలం' కావ్యంలో గబ్బిలం చేత కాశీ శివుడికి కబురు పంపాడు. తరువాత క్రీస్తు చరిత్ర రాశాడు, 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. శివుడి పేరెత్తితే ఆయన విశ్వాసం కరిగిపోయిందా?

అక్క: జాషువా శివుడికి మొక్కలేదు. మనిషిని రానివ్వని గుడిలోకి గబ్బిలం పోతుంది కదా అని ఊరిని నిలదీశాడు. ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టండి.

మావయ్య: సరే, కూర్చోబెట్టుకో. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ సంఘంలో సర్టిఫికెట్లలో హిందూ అని ఉన్నవాళ్లు ఎందరు?

అక్క: అది మా తప్పు కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుది. బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ కాదంటుంది, బీసీ-సి అని ఒక్క శాతం రిజర్వేషన్‌లో పడేస్తుంది. నీళ్లలో మునిగితే కులం కడుక్కుపోతుందని ఢిల్లీలో అనుకున్నారు, ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

మావయ్య: నేను తప్పు పట్టడం లేదమ్మా. కాగితం మీద హిందువుగా ఉండక తప్పనివాళ్లు అరిసె దగ్గర మాత్రం అగ్నిపరీక్ష పెట్టుకుంటున్నారే అన్నదే నా బాధ. నామాను సంగతి చూడు. సిరియా సేనాపతి. యొర్దానులో మునిగి కుష్ఠు పోగొట్టుకున్నాడు, ఇక యెహోవాకే మొక్కుతానన్నాడు. కానీ మా రాజు రిమ్మోను గుళ్లో నా చేతి మీద ఆనుకుని వంగినప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, క్షమించమని అడిగాడు. ఎలీషా ప్రవక్త తిట్టాడా? శాంతితో వెళ్లమన్నాడు.

అక్క: నామానుకు తప్పనిసరి. మనకేం తప్పనిసరి?

అప్పుడు మావయ్య డబ్బాను బల్ల మీద మధ్యకు జరిపాడు.

మావయ్య: ఇది. మా నాన్నకూ ఊళ్లోవాళ్లు సంక్రాంతికి అరిసెలిచ్చేవాళ్లు. డబ్బాలో కాదు. ఆయన వీధిలో నిలబడి పైపంచె పట్టేవాడు, వాళ్లు అరుగు మీద నుంచి అందులో వేసేవాళ్లు. నేను పక్కన నిలబడి చూశాను. ఇవాళ వాళ్ల మనవరాలు వాళ్లింటి గిన్నె పట్టుకుని నా గుమ్మం ఎక్కింది. తమ గిన్నె మన ఇంట్లో వదిలేసి పోయింది. ఆ గిన్నె వీధి నుంచి ఇక్కడిదాకా రావడానికి రెండు తరాలు పట్టింది. నువ్వు బైబిలు పట్టుకుని దాన్ని వెనక్కి పంపమంటున్నావు. నేను పంపను.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. వచ్చి, గొంతు పెంచకుండా, ఒక ప్రశ్న అడిగింది.

అక్క: క్రిస్మస్‌కి మనం ఏం పంపాం వాళ్లింటికి?

మావయ్య: కేకు.

అక్క: బేకరీ కేకు. తీసుకున్నారు. మన ఇంట్లో వండింది ఎప్పుడైనా పంపారా మావయ్యా?

మావయ్య: లేదు.

అక్క: ఎందుకు పంపలేదు?

మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు, ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

నా తీర్పు అడిగేవాళ్లు ఎవరూ లేరు గానీ చెప్పేస్తాను. పీట మీద పెట్టి మొక్కేది ఏదైనా సరే, అక్కడ అక్క మాటే నా మాట: గొబ్బెమ్మ, దీపం, హారతి, జాతర డప్పు. వద్దనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, సంజాయిషీ కూడా అక్కర్లేదు. ముగ్గు, కొత్తబట్టలు, గాలిపటం, పిండివంట దగ్గర మావయ్యతో ఉంటాను. అయితే ఇద్దరూ మొదట బైబిలు తెరిచి వెతికింది తినొచ్చా తినకూడదా అని. అసలు చూడాల్సింది నువ్వు కాదంటే అవతలివాడు ఊరుకుంటాడా, నువ్వు పెడితే అవతలివాడు తింటాడా అన్నది. కాదనే వీలున్న చోట కలవొచ్చు. పెట్టేది ఒకవైపు నుంచే అయితే దాన్ని పండగ అనాలో దానం అనాలో ఆలోచించుకోవాలి. జనవరిలో సంక్రాంతి మీద ప్రసంగించే పాస్టరుగార్లకు నాదొక మనవి: అరిసె ఎవరికి అర్పించారో చెప్పేటప్పుడు, అది ఏ గిన్నెలో వచ్చిందో కూడా అడిగి చెప్పండి.

మర్నాడు తెల్లవారుజామున వీధిలో భోగిమంటలు లేచాయి. అక్క పిల్లలు కిటికీలోంచి చూశారు, బయటికి పోలేదు. అరిసెలు మాత్రం తిన్నారు, వాళ్లమ్మే పెట్టింది. ఆమె తినలేదు. పది గంటలకు డబ్బా కడిగి, పొయ్యి వెలిగించి రవ్వలడ్లు చేసింది, ఇంట్లోనే, తన చేత్తో. డబ్బా నింపి నా చేతికిచ్చి పక్కింటికి పంపింది. పిన్నిగారు తీసుకున్నారు, కూర్చోమన్నారు.

తిన్నారో లేదో కనుక్కోమని అక్క సాయంత్రం నన్ను అడిగింది. అడగొద్దన్నాడు మావయ్య.